నాలుగు మీటర్ల రాయి, నాలుగు మీటర్ల పువ్వు

మా ఊరి రామాలయంలో ఒక ట్యూబులైటు ఉండేది. దాని మీద దాత పేరు, తండ్రి పేరు, ఇచ్చిన తేదీ ఎర్ర రంగుతో రాయించారు. ఆ అక్షరాలు ఎంత లావుగా ఉండేవంటే, దీపం వేసినా మంటపంలో సగం చీకటే. మా నాన్నగారు ప్రదక్షిణం చేస్తూ దాని కింద ఒక్క క్షణం ఆగి, "దేవుడికి వెలుతురిచ్చాడో, తన పేరుకి ఇచ్చుకున్నాడో" అని నవ్వేవారు.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక చైనా రాతి ఫలకం ముందు నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ట్యూబులైటే.

నిజానికి ఆ రోజు నేను వెళ్లింది చైనా కోసం కాదు. 2023లో అక్కడ తొలినాటి భారతీయ బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరిగింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి నుంచి తోరణపు దూలం వచ్చిందని తెలిసి, అమ్మాయి దగ్గరకు వెళ్లిన వంకతో అదీ చూసి వద్దామని బయలుదేరాను. ఫణిగిరి కొండ దగ్గర చూడలేనిదాన్ని సముద్రాలు దాటి వెళ్లి చూసినందుకు కొంచెం సిగ్గుపడ్డాను కూడా. ఆ గదుల్లోంచి బయటపడేసరికి మోకాళ్లు మొరాయించాయి. కూర్చోవడానికి బల్ల వెతుక్కుంటూ పోతే చైనా శిల్పాల హాలు తగిలింది.

ఆ ఫలకం ఎత్తు రెండు మీటర్ల పైచిలుకు, పొడవు 393.7 సెంటీమీటర్లు. సున్నపురాయి. ఒక చక్రవర్తి తన పరివారంతో బుద్ధుడికి మొక్కడానికి వెళుతున్నాడు. గొడుగు పట్టినవాళ్లు, విసనకర్ర పట్టినవాళ్లు, పొడుగు టోపీలవాళ్లు ఒకరి వెనక ఒకరు, ఒకరి భుజం చాటున ఇంకొకరు. అంత మందిలో ఒక్కరూ మన వైపు చూడరు. అంగీల అంచులు పాదాల దగ్గర అలల్లా మడతపడుతుంటే ఊరేగింపంతా నీళ్ల మీద జారుతున్నట్టు కనిపిస్తుంది. రాయిలో ఇంత మెత్తగా నడిపించడం మాటలు కాదు. కాసేపటికి మాత్రం కన్ను అంగీల మడతల్ని వదిలేసి అతుకుల్ని పట్టుకుంటుంది. మెడల దగ్గర, భుజాల దగ్గర గీతలు. ఒక చోట ముఖం ఒక ముక్క, టోపీ ఇంకో ముక్క. పగిలిన కుండను అతికినట్టుంది.

ఈ ఫలకం హెనాన్ రాష్ట్రంలో ల్వోయాంగ్ పక్కనున్న లాంగ్‌మెన్ గుహల్లోది. ఉత్తర వెయ్ వంశపు చక్రవర్తి ష్వాన్‌వు తన తల్లిదండ్రుల పుణ్యం కోసం అక్కడ బిన్‌యాంగ్ గుహను తవ్వించాడు. ద్వారానికి లోపలివైపు, ఒక పక్కన తండ్రి ష్యావ్‌వెన్ చక్రవర్తి ఊరేగింపు, రెండో పక్కన తల్లి ఊరేగింపు. అక్కడి మూడు గుహల కోసం 500 నుంచి 523 దాకా 8,02,366 మంది కూలీల పని పట్టిందని ఆ వంశపు చరిత్రలో రాసి ఉంది. ఆ చివరి ఆరు నన్ను ఆపేసింది. ఎవరో గుమాస్తా దాన్ని ఎనిమిది లక్షలకు సర్దేయకుండా వదిలిపెట్టాడు.

అంటే ఇది దేవుడి బొమ్మ కాదు, దాతల బొమ్మ. లాంగ్‌మెన్ అంతా దాతల కొండే. సుమారు 2,800 శాసనాలున్నాయక్కడ. ఫలానా వాళ్లు, ఫలానా చనిపోయినవాళ్ల కోసం, ఫలానా బుద్ధుణ్ణి చేయించారు అని. 17 మీటర్ల పెద్ద వైరోచన బుద్ధుడికి వు చక్రవర్తిని తన పౌడరు, లేపనాల ఖర్చుల్లోంచి ఇరవై వేల కాసుల దండలు ఇచ్చిందని కూడా అక్కడ చెక్కారు. ట్యూబులైటు మీద పేరు రాయించుకోవడం మనవాళ్లు కనిపెట్టిందేమీ కాదు.

ఆ ఫలకం వివరాల్లో చివరి పంక్తి ఇంకో దాత పేరు చెబుతుంది: ఫ్లెచర్ నిధి, 1935.

ఆరో శతాబ్దపు దాతకూ ఇరవయ్యో శతాబ్దపు దాతకూ మధ్య ఏం జరిగిందన్నదే నా గొడవ.

ఫ్రెంచి పండితుడు ఎడ్వార్ షవాన్ 1907లో లాంగ్‌మెన్ వెళ్లి ఫొటోలు తీశాడు. అప్పటికి ఊరేగింపులు రెండూ గోడకే ఉన్నాయి. 1934లో మెట్రోపాలిటన్ మ్యూజియం తరఫున అలన్ ప్రీస్ట్ అనే అధికారి బీజింగ్ వ్యాపారి యువె బిన్‌తో ఒప్పందం రాసుకున్నాడు. సరుకు పందొమ్మిది రాతి మనుషుల బొమ్మలు, ధర 14,000 వెండి డాలర్లు. కొండ దగ్గర ఏదైనా అవాంతరం వచ్చి సరుకు కదలకపోతే ఒప్పందం రద్దు. పక్క ఊరి రాతిపనివాళ్ల చేత రాత్రిళ్లు చెక్కించి, ముక్కలను సంచుల్లో వేసి బీజింగ్ చేరవేశారు. చక్రవర్తి న్యూయార్క్ వచ్చాడు. రాణి ఊరేగింపు ముక్కలు చిల్లరగా అంగళ్లకు చేరితే, లారెన్స్ సిక్‌మన్ అనే పండితుడు వాటిని ఏరి కొన్నాడు. అది కాన్సస్ సిటీలోని నెల్సన్ అట్కిన్స్ మ్యూజియంలో ఉంది. ఎదురెదురుగా ఉన్న దంపతులు ఇప్పుడు అమెరికాలో చెరో ఊళ్లో కాపురం. కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక ఆ ఒప్పందపు కాగితం బయటపడింది. యువె బిన్ జైల్లోనే పోయాడు.

ఇదంతా గూఢచారులు తవ్వి తీసిన రహస్యం కాదు. పుస్తకాలకు ఎక్కిన చరిత్రే. అయినా హాల్లో నిలబడినవాడికి కళ్ల ముందు కనిపించేది బొమ్మ అందం, పక్కన ఒక నిధి పేరు, ఒక సంవత్సరం.

అక్కడి నుంచి నేను పూల బొమ్మల కోసం వెళ్లాను. ఝావ్ మెంగ్‌జియెన్ అనే చిత్రకారుడు పొడుగాటి కాగితం మీద వేసిన నార్సిసస్ పూల బొమ్మ, చుట్టి దాచే చుట్ట, ఆ మ్యూజియం సొత్తేనని ముందే చదివి పెట్టుకున్నాను. అది లేదు. కాగితం మీద, పట్టు మీద వేసిన బొమ్మలు వెలుతురు తగిలితే వెలిసిపోతాయి, అందుకని వాటిని కొన్ని నెలలు చూపించి కొన్నేళ్లు చీకట్లో పడుకోబెడతారు. రాతి చక్రవర్తి రోజూ దీపాల కింద కొలువు చేస్తుంటే పువ్వులు పెట్టెలో నిద్రపోతున్నాయి. మ్యూజియం వాళ్లు బొమ్మల ఫొటోలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు కాబట్టి, న్యూజెర్సీ రైల్లో కూర్చుని ఫోనులోనే చుట్ట విప్పుకున్నాను. నిజం చెప్పాలంటే చుట్టను చూడటానికి అదేమంత చెడ్డ పద్ధతి కాదు. ఎందుకంటే దాన్ని పూర్వం కూడా గోడకు తగిలించి చూసేవారు కాదు. బల్ల మీద పెట్టి, ఒక చేత్తో మూర పొడవు విప్పుతూ, రెండో చేత్తో చూసినంత మేర చుట్టేస్తూ చదివేవారు. నా వేలు గాజు మీద చేసింది దాదాపు అదే పని.

ఝావ్ మెంగ్‌జియెన్ సాంగ్ రాజవంశీకుడు. 1199లో పుట్టాడు. ఈ బొమ్మ పదమూడో శతాబ్దపు నడిమి కాలంది. పొడవు 374 సెంటీమీటర్లు. చూడగానే లెక్క వేసుకున్నాను: రాతి ఊరేగింపు కంటే ఇరవై సెంటీమీటర్లు తక్కువ. ఎత్తు మాత్రం 33 సెంటీమీటర్లే. రంగు లేదు, అంతా సిరా. పొడుగాటి ఆకులు ఒకదాని మీదుగా ఒకటి వంగి, మెలితిరిగి, వెనక్కి తిరిగి, చుట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగుతాయి. ఆకు తిరిగిన చోట కుంచె ఆగదు. ముదురు సిరా అక్కడ లేతబడి, మళ్లీ ముదురుతుంది. ఆకుల మధ్య అక్కడక్కడ తెల్లని పూలు, చిన్న గిన్నెల్లా. ఇదీ ఊరేగింపే! ఆకుల మడతలకూ ఆ అంగీల అంచులకూ చుట్టరికం ఉందని ఆ రైల్లో నాకు అనిపించింది. ఇలాంటివి పండితులు ఒప్పుకోరు, నేనూ పట్టుబట్టను.

నార్సిసస్‌కు చైనా పేరు ష్వీషియెన్, నీటి దేవత. అలల మీద నడిచే అప్సర అని కవులు పిలిచారు. మధ్యాహ్నం చైనా శిల్పాల హాల్లో చూసిన కొయ్య విగ్రహం పేరు ష్వీయువె గ్వాన్‌యిన్, నీటి చంద్రుడి గ్వాన్‌యిన్. విల్లో చెట్టు దుంగల్ని కలిపి పదకొండో శతాబ్దంలో చెక్కిన బొమ్మ, మనిషి కూర్చున్నంత ఎత్తు. ఒక మోకాలు పైకెత్తి తీరిగ్గా కూర్చుని, నీళ్లలో చంద్రుడి నీడను చూస్తున్నట్టు ఊహ. గ్వాన్‌యిన్ అంటే మన అవలోకితేశ్వరుడే, బౌద్ధుల కరుణామూర్తి. ఆయన కొండ పోతలకం దక్షిణ భారతంలో ఉందని హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. ధాన్యకటకం, అంటే మన అమరావతి ప్రాంతం చూసిన మనిషే ఆయన. ఒక నీటి దేవత కాగితం మీద, ఇంకో నీటి దేవుడు కొయ్యలో. మ్యూజియంలో ఇద్దరివీ వేర్వేరు గదులు, ఎందుకంటే ఒకటి మతం, రెండోది కళ అట.

చుట్టకూ రాతికీ నాకు కనిపించిన అసలు తేడా ఇంకోటి. చుట్ట తన కథ తానే చెబుతుంది. చిత్రకారుడి ముద్ర, కొన్నవాడి ముద్ర, అతని దగ్గర కొన్నవాడి ముద్ర ఎర్ర సిరాతో వరసగా ఉంటాయి. బొమ్మ అయిపోయాక అతికిన కాగితం మీద తర్వాతివాళ్లు పద్యాలు రాస్తారు. ఈ పూలు వేసిన కొన్నేళ్లకే, 1279లో మంగోలుల దెబ్బకు సాంగ్ వంశం నేలమట్టమైంది. ఆ దెబ్బ తిన్న తరం కవులు ఈ పూల పక్కన పద్యాలు రాసి, వాటిలో తమ పోయిన దేశాన్ని చూసుకున్నారు. ఝావ్‌కు ఆ ఉద్దేశం ఉండి ఉండదు. ఆయన అప్పటికే లేడు. అయినా ఇప్పుడు ఆ పద్యాలు లేకుండా ఆ పూలను చూడలేం.

అదే మ్యూజియంలో ఛియెన్ ష్వాన్ వేసిన బేరి పూల కొమ్మ ఉంది. మీటరుకు తక్కువ పొడవున్న చిన్న బొమ్మ. తెల్లని రేకులు, లేత ఆకులు, నేల లేదు, ఆకాశం లేదు. వంశం కూలాక ఆయన కొత్త ప్రభువుల కొలువుకు పోకుండా బొమ్మలు అమ్ముకుని బతికాడు. ఆ కొమ్మ పక్కనే తన చేత్తో పద్యం రాశాడు: వాన రాత్రి తలుపు మూసిన గుమ్మం వెనక కన్నీళ్లతో తడిసిన ఒంటరి స్త్రీ, వెన్నెల్లో వెలిగిన పాత రోజులు. పువ్వు మీద పద్యం రాసినట్టే ఉంటుంది, తన గోడు చెప్పుకున్నట్టూ ఉంటుంది.

ముద్రల మీద నాకు మరీ మోజేమీ లేదు లెండి. ఛియెన్‌లాంగ్ చక్రవర్తికి నచ్చిన బొమ్మ కనిపిస్తే ముద్ర కొట్టకుండా ఉండలేని జబ్బు. హాన్ గాన్ వేసిన గుర్రం బొమ్మ ఈ మ్యూజియంలోనే ఉంది. దాని చుట్టూ ఎన్ని ముద్రలో, గుర్రం వాటి మధ్య బెదిరిపోయినట్టుంటుంది. గోల్కొండ గోడల మీద ప్రేమికుల పేర్లు గీకేవాళ్లకూ ఆయనకూ తేడా చేతిలో ఉన్న పచ్చబండ ముద్ర ఒక్కటే. కానీ ఒకటి ఒప్పుకోవాలి: ఎవరి చేతిలోకి వచ్చిందో దాచకుండా చెప్పుకున్నాడు.

రాతికి ఈ భాగ్యం ఎందుకు లేదు? చైనాలోనే ఇందుకు పాత కారణం ఉంది. చదువుకున్న పెద్దమనుషులకు రాత, చిత్రం కళలు. బొమ్మ చెక్కేవాడు పనివాడు. 1120లో హ్వీజాంగ్ చక్రవర్తి కొలువులో తయారైన చిత్రాల జాబితాలో 6,396 బొమ్మలు ఎక్కాయి. పది విభాగాలు. మొదటి పీట దేవుళ్ల చిత్రాలది, పూలకూ పక్షులకూ వేరే ఘనమైన విభాగం ఉంది. శిల్పానికి ఆ పదిలో చోటు లేదు. తాంగ్ కాలపు యాంగ్ హ్వీజీ కథ చెబుతారు. అతనూ, మహా చిత్రకారుడు వు దావ్‌జీ ఒకే గురువు దగ్గర బొమ్మలు నేర్చారట. వుకు పేరు రాగానే యాంగ్ కుంచెలు తగలబెట్టి మట్టి పిసకడం మొదలుపెట్టాడట. కథ శిల్పాన్ని పొగడటానికే చెబుతారు కానీ, చిత్రంలో ఓడినవాడే శిల్పంలోకి వెళతాడన్న మాట అందులో దాగి ఉంది. పూల బొమ్మ ఇంటి బల్ల మీదికి వచ్చింది. బుద్ధుడు గుళ్లో ఉన్నాడు, మొక్కడానికి ఉన్నాడు. ఆయన్ను ఇంట్లో అలంకారంగా పెట్టుకోవాలన్న ఊహే ఆ పెద్దమనుషులకు లేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పారిస్, టోక్యో, న్యూయార్క్ కొనుగోలుదారులు వచ్చి ఇది గొప్ప కళ అన్నారు. ఆ మాట నిజమే. ఆ మాటతో పాటు ధర కూడా వచ్చింది. మొత్తం విగ్రహం కదలదు, తల కదులుతుంది. లాంగ్‌మెన్‌లో ఇవాళ వరసగా కనిపించే తలలేని బొమ్మలు చాలావరకు ఆ ధర చెక్కిన బొమ్మలు. చేతులకు అందనంత పెద్దవి, ఉలికి లొంగనంత లావువి మిగిలాయి.

నేనీ మాట ఎక్కడన్నా తప్పకుండా ఒక మిత్రుడు లేస్తాడు. "అక్కడే ఉంటే ఎప్పుడో నాశనమయ్యేవి. యుద్ధాలు, విప్లవాలు. ఇక్కడ క్షేమంగా ఉన్నాయి కదా" అంటాడు. కొన్నింటి విషయంలో ఆ మాట నిలుస్తుంది. నేను కాళ్లు చాపుకుని కూర్చున్న బల్లకు ఎదురుగా గోడంతా ఒక భైషజ్యగురు బుద్ధుడి, అంటే రోగాలు నయం చేసే బుద్ధుడి చిత్రం ఉంది. 15 మీటర్ల పొడవు, ఏడున్నర మీటర్ల ఎత్తు. షాన్‌షీ రాష్ట్రంలో గ్వాంగ్‌షెంగ్ కింది ఆలయం గోడ మీది బొమ్మ అది. గుడి కూలిపోతుంటే బాగుచేయడానికి డబ్బులేక, అక్కడివాళ్లే గోడల బొమ్మలు వ్యాపారులకు 1,600 వెండి నాణేలకు అమ్మారు. ఆ సంగతి 1929లో రాయి మీద చెక్కించి పెట్టారు కూడా. ఎంతకు అమ్మామో, ఎందుకు అమ్మామో శాసనం వేయించుకున్నారు, పాపం. మంచి బేరం కాదు, సంతోషంగా చేసిన బేరం అసలే కాదు, కానీ అమ్మేవాడు తన పేరు మీద అమ్మాడు. కప్పు నిలబెట్టుకోవడానికి గోడ అమ్ముకున్నవాణ్ణి తప్పుపట్టే నోరు నాకు లేదు.

చక్రవర్తి ఊరేగింపు అలాంటిది కాదు. కూలిపోతుంటే కాపాడింది కాదు, పగిలి పడి ఉంటే ఏరి తెచ్చింది కాదు. 1,400 ఏళ్లు గోడకు అంటుకుని ఉన్నది, కొనేవాడు ఉన్నాడన్న నమ్మకంతో పగలగొట్టింది. రాణి ముక్కల్ని ఏరిన సిక్‌మన్ విషయంలో ఒక క్షణం తటపటాయిస్తాను. అప్పటికే పగిలిపోయినవాటిని ఒకచోట చేర్చాడన్నది నిజం. కానీ ముక్కకు ధర పలికినన్నాళ్లూ ఉలికి పని ఉంటుందన్నదీ నిజమే. దొంగసొమ్ము అని తెలిసి చవగ్గా కొన్న నగను "కరిగించకుండా కాపాడాను" అనేవాడి మాట మన బజారులో ఎంత చెల్లుతుందో ఇదీ అంతే.

అందుకని నా వాదన ఇది. గ్వాంగ్‌షెంగ్ గోడ బొమ్మను న్యూయార్క్‌లోనే ఉండనివ్వండి, పక్కన ఆ 1929 శాసనం నకలు పెట్టండి. బిన్‌యాంగ్ దంపతులు మాత్రం ఇంటికి వెళ్లాలి. వెళ్లడం అసాధ్యమేమీ కాదు. కెనడా జాతీయ చిత్రశాల లాంగ్‌మెన్ నుంచి పోయిన ఒక అర్హతుడి, అంటే బుద్ధుడి శిష్యుడి విగ్రహాన్ని 2001లో తిరిగి ఇచ్చింది. రెండు పెద్ద మ్యూజియాలూ అంత త్వరగా కదలవని నాకూ తెలుసు. కదిలేదాకా ఆ ఫలకాన్ని చుట్టలాగా చూపించమంటాను. బొమ్మ ఎంత పొడవుందో దాని పక్కన అంతే పొడవున షవాన్ 1907 ఫొటో, ఇవాళ్టి ఖాళీ గోడ ఫొటో, ఆ ఒప్పందపు కాగితం నకలు. ఎవరి చేతుల్లోంచి వచ్చిందో వరసగా. పూల చుట్టకు ఏడు వందల ఏళ్లుగా చేస్తున్న మర్యాదే ఇది.

అలా పెడితే బొమ్మ అందం చెడుతుందని, చూసేవాళ్ల మనసు చివుక్కుమంటుందని అనవచ్చు. ఛియెన్ ష్వాన్ బేరి కొమ్మ పక్కన ఆ వాన రాత్రి ఏడుపు ఉన్నందుకు ఎవరైనా ఆ పూలను తక్కువగా చూశారా?

రైలు దిగాక కూడా అమరావతి శాసనం ఒకటి నన్ను వదల్లేదు. విధికుడనే చర్మకారుడు, కుటుంబంతో కలిసి, పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేశాడు. నిండు కుండ, దాని మూతిలోంచి విచ్చుకున్న తామరలు. అది మతం గదిలో పెట్టాలా, పూల గదిలో పెట్టాలా? తోలు పని చేసుకునే మనిషి పూలకుండ కోసం ఎన్ని నెలలు కూడబెట్టాడో తెలియదు కానీ, పేరు, కులవృత్తి, తండ్రి పేరు చెక్కించుకున్నాడు. అమరావతి రాళ్లు కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో ఉన్నాయి, ఇంకా కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. సున్నానికి కాల్చినవాడు మాత్రం ఎక్కడా పేరు రాసుకోలేదు.

ఇంటికి చేరేసరికి అమ్మాయి, "ఫణిగిరి ఎలా ఉంది నాన్నా?" అని అడిగింది. "బాగుంది" అన్నాను. తర్వాత ఫోను తీసి, నార్సిసస్ ఆకులు అయిపోయాక వచ్చే ఎర్ర ముద్రల్ని ఒక్కొక్కటే పెద్దవి చేసి చూపించాను. అవేమిటని అడిగింది. "మన గుడి ట్యూబులైటు గుర్తుందా?" అన్నాను.